అంపైర్ పోగొట్టుకున్న ‘న’: ఇంగ్లీషు మాటల అసలు పుట్టుక

క్రికెట్ మ్యాచ్ జరుగుతుంటే రోజంతా మన నోట నలిగే మాట అంపైర్. సుమారు ఆరు వందల ఏళ్ల కిందట ఈ మాట ‘న’తో మొదలయ్యేది. పాత ఫ్రెంచిలో ‘నోన్‌పేర్’ అంటే జోడు లేనివాడు, బేసిగా మిగిలినవాడు. ఇద్దరు తగువులాడుకుంటే తీర్పు చెప్పేవాడు ఆ ఇద్దరిలో ఎవరి జట్టూ కాకూడదు, మూడోవాడై ఉండాలి. ఆ అర్థంతోనే మాట ఇంగ్లీషులోకి ‘నూంపెర్’గా వచ్చింది.

ఇంగ్లీషులో నామవాచకం ముందు ‘ఎ’ గానీ ‘ఎన్’ గానీ చేరుస్తారు. ‘ఎ నూంపెర్’ అని గుక్క తిప్పుకోకుండా అంటే వినేవాడికి ‘ఎన్ ఊంపెర్’ అనే వినిపిస్తుంది. చదువు కొద్దిమందికే ఉన్న రోజుల్లో మాట ఎక్కడ విరుగుతుందో చెవే తేల్చేది. బళ్లో సంధి విడదీయమంటే పిల్లలు ఒక్కోసారి తప్పు చోట విరుస్తారు. ఇక్కడ ఒక దేశం మొత్తం తప్పు చోట విరిచింది, ఆ తప్పే ఒప్పుగా స్థిరపడింది.

వంటింట్లో కట్టుకునే ఏప్రన్ కూడా ఒకప్పుడు ‘నేప్రన్’. చేయి తుడుచుకునే నాప్‌కిన్, ఏప్రన్ ఒకే తల్లి బిడ్డలు. ఒకటి ‘న’ను నిలుపుకుంది, రెండోది జారవిడిచింది. ఆడర్ అనే విషసర్పం పేరు పాత ఇంగ్లీషులో ‘నాడ్రె’. ఎదురు దిశలోనూ ఇలాగే జరిగింది. ‘ఈక్’ అంటే పాత ఇంగ్లీషులో ‘అదనంగా’ అని, ‘ఈక్‌నేమ్’ అంటే అసలు పేరుకు తోడు పెట్టిన పేరు. ‘ఎన్ ఈక్‌నేమ్’లోని ‘న’ అవతలి మాటకు అతుక్కుపోయి నిక్‌నేమ్ పుట్టింది.

ఇదే వరసలో ఆరెంజ్‌ను కూడా చెబుతుంటారు. ‘ఎ నోరెంజ్’ కాస్తా ‘ఎన్ ఆరెంజ్’ అయిందని. ఇక్కడే పొరబాటు. ఆ పండు పేరు సంస్కృతంలో నారంగం. దానికీ మూలం ద్రావిడ భాషల్లో ఉందని చాలామంది పండితుల అభిప్రాయం. అక్కడి నుంచి పారసీకంలో నారంగ్, అరబ్బీలో నారంజ్, స్పానిష్‌లో నరాంహ. స్పానిష్ వరకూ ‘న’ భద్రంగానే ఉంది. ఇటాలియన్‌లో ‘ఒక’ అనడానికి వాడే ‘ఉన’లోని న, పండు పేరులోని న కలిసిపోయి ‘అరాంచ’ మిగిలింది. ఫ్రెంచిలోనూ అంతే. అంటే ఇంగ్లండు గడప తొక్కేసరికే ‘న’ పోయింది. ఇంగ్లీషువాళ్లు పోగొట్టడానికి ఏమీ మిగల్లేదు. మన నారింజలో మాత్రం అది చెక్కుచెదరలేదు.

రంగు పేరు కూడా పండు నుంచే వచ్చింది. ఆరెంజ్ అనే మాటను రంగుకు వాడటం 16వ శతాబ్దం మొదట్లో కనిపిస్తుంది. అంతకుముందు ఆ రంగును పసుపు కలిసిన ఎరుపు అని చెప్పుకునేవారు, లేదంటే ఎరుపనే సరిపెట్టేవారు. రాబిన్ పిట్ట రొమ్ము స్పష్టంగా నారింజ రంగులో ఉన్నా దానికి ‘రెడ్‌బ్రెస్ట్’ అనే పేరు ఉండిపోవడానికి కారణం అదే.

మాట పుట్టుకను ఎలా తేలుస్తారు

ఆరెంజ్ విషయంలో రెండు కథలూ వినడానికి బాగానే ఉన్నాయి. ఒకటి నిజమనీ రెండోది కాదనీ ఎలా చెప్పగలం? నిఘంటుకారులు ప్రధానంగా నాలుగు సంగతులు చూస్తారు. ఆ మాట రాతలో మొదట ఏ ఏడాది కనిపించింది, ఏ దారిన వచ్చింది, దారిలోని ప్రతి మజిలీలో దాని రూపం రాతపూర్వకంగా దొరుకుతోందా, ధ్వనులు ఆ భాషల అలవాటు ప్రకారమే మారాయా. అర్థం మారి ఉంటే మధ్య మెట్లు కూడా కనిపించాలి.

తేదీ విషయంలో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు చేసిన పని సాటిలేనిది. 1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీ అనే భాషా పండితుల సంఘంలో ఈ ఆలోచన మొదలైంది. తొలి భాగం 1884లో అచ్చయింది, చివరిది 1928లో. దేశదేశాల నుంచి స్వచ్ఛందంగా చదివే పాఠకులు పాత పుస్తకాలు తిరగేసి ఒక్కో చీటీ మీద ఒక మాట, అది వచ్చిన వాక్యం, పుస్తకం పేరు, ఏడాది రాసి పంపేవారు. అలాంటి చీటీలు లక్షల్లో పోగయ్యాయి. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. నిఘంటువులో కనిపించే ఏడాది మాట పుట్టిన ఏడాది కాదు, ఇప్పటిదాకా దొరికిన అతి పాత వాక్యం రాసిన ఏడాది. రేపు ఇంకా పాత కాగితం దొరికితే అది వెనక్కి జరుగుతుంది. ముందుకు మాత్రం జరగడం అరుదు.

ధ్వనుల నియమం మరీ ముఖ్యం. 1822లో జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ దీన్ని పద్ధతిగా చూపించాడు. సంస్కృతంలో ‘ప’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘ఫ’ వస్తుంది: పాదం, ఫుట్. పితృ, ఫాదర్. పంచ, ఫైవ్. సంస్కృతంలో ‘ద’ ఉన్నచోట ఇంగ్లీషులో ‘ట’ వస్తుంది: దంతం, టూత్. దశ, టెన్. ద్వి, టూ. ఒక్క జత కుదిరితే అది యాదృచ్ఛికం కావచ్చు, వరసపెట్టి కుదిరితే మాత్రం చుట్టరికమే. ఇవి సంస్కృతం నుంచి ఇంగ్లీషు తెచ్చుకున్న మాటలు కావు. ఒకే మూలభాష నుంచి ఆ రెండూ వేరువేరుగా వారసత్వంగా పొందినవి.

ఇక్కడ చాలామందికి మింగుడుపడని విషయం ఒకటుంది. దూరపు చుట్టాలైన రెండు భాషల్లో మాటలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటే సంబరపడకూడదు, అనుమానించాలి. బద్మాష్, బద్నాం మాటల్లోని పారసీక ‘బద్’ అంటే చెడు. ఇంగ్లీషు బ్యాడ్ అన్నా చెడే. శబ్దం ఒకటే, అర్థం ఒకటే, చుట్టరికం మాత్రం లేదు. వాటి పాత రూపాల్లోకి వెళ్లేకొద్దీ రెండూ దూరమవుతాయి. ఆధునిక గ్రీకులో నీళ్లను ‘నెరో’ అంటారు. అది వినగానే మన నీరే గ్రీసు వెళ్లిందని గంతేసేవాళ్లున్నారు. గ్రీకు మాట అసలు రూపం ‘నెయరోన్ హూదోర్’, అంటే తాజా నీళ్లు. అందులో నీళ్లకు మాట ‘హూదోర్’. కాలక్రమంలో అది రాలిపోయి తాజా అనే విశేషణం ఒక్కటే మిగిలి నీళ్లకు పేరైంది. మన నీరు ద్రావిడ మాట, తమిళ కన్నడాల్లోనూ ఉంది.

క్యాష్ విషయంలో చిక్కు ఇంకా గట్టిది, ఎందుకంటే అక్కడ సగం నిజం ఉంది. ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగుతో రెండు వేరు మాటలున్నాయి. ఒకటి పాత పుస్తకాల్లో కనిపించే ‘క్యాష్’, తూర్పు దేశాల చిల్లర నాణెం పేరు. అది దక్షిణాది ‘కాసు’ నుంచి పోర్చుగీసుల నోట పడి వెళ్లింది. రెండోది మనం రోజూ వాడే క్యాష్, అంటే నగదు. ఇది ఫ్రెంచి, ఇటాలియన్ భాషల్లో పెట్టె అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. డబ్బు దాచే పెట్టె పేరు డబ్బుకే చెల్లింది. కాసులపేరులోని కాసు, క్యాష్ కౌంటర్‌లోని క్యాష్ ఒకటి కావు.

అందమైన అబద్ధాలు

ఉత్తరం, తూర్పు, పడమర, దక్షిణం అనే నాలుగు ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు కలిపితే న్యూస్ అయిందని పాఠశాల గోడల మీద కూడా రాసి ఉంటుంది. ఇది పూర్తిగా తప్పు. న్యూస్ అంటే ‘న్యూ’కు బహువచనం: కొత్తవి, కొత్త సంగతులు. ఫ్రెంచిలోనూ ఇలాగే కొత్తవి అనే బహువచనాన్ని వార్తలకు వాడతారు, ఇంగ్లీషు ఆ అచ్చునే అనుసరించింది. పాత రాతల్లో ఈ మాటను ఐదు అక్షరాలతో, ‘ఎస్’ ముందు మరో ‘ఇ’ పెట్టి రాసేవారు. ఆ అదనపు ‘ఇ’కి ఏ దిక్కు చూపిస్తారు?

ఇలాంటి కథలను పట్టుకోవడానికి ఒక తేలిక సూత్రం ఉంది. మాటల తొలి అక్షరాలు కలిపి కొత్త మాట తయారుచేయడం 20వ శతాబ్దంలో బలపడిన అలవాటు. అంతకుముందు నుంచీ ఉన్న మాటకు ఎవరైనా అక్షరాల విడమరుపు చెబితే దాదాపు ఎప్పుడూ అది తర్వాత అల్లినదే. దర్జాగా ఉన్న అనే అర్థంలో వాడే పోష్ గురించి చెప్పేదీ ఇలాంటిదే. ఇండియాకు వచ్చే ఓడల్లో ఎండ తగలని వైపు గదులు తీసుకునే డబ్బున్నవాళ్ల టికెట్ల మీద ‘వెళ్లేటప్పుడు ఎడమ, తిరిగొచ్చేటప్పుడు కుడి’ అనే అర్థమున్న ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు నాలుగు ముద్రించేవారని, వాటి నుంచే ఈ మాట వచ్చిందని అంటారు. ఆ నాలుగు అక్షరాలున్న టికెట్ ఒక్కటి కూడా ఇంతవరకు బయటపడలేదు.

ఒక్క పెద్ద మినహాయింపు ఉంది, అది ఓకే. 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ పత్రికలో ఇది అచ్చులో కనిపించింది. ఆ రోజుల్లో అక్కడి పత్రికలవాళ్లకు కావాలని స్పెల్లింగు తప్పుగా రాసి దాన్ని పొట్టి చేయడం ఒక సరదా. ‘ఆల్ కరెక్ట్’ను ‘ఒల్ కొరెక్ట్’గా మార్చి ‘ఓ’, ‘కె’ అనే రెండు తొలి అక్షరాలు తీసుకున్నారు. అలాంటివి ఇంకా పుట్టాయి, చాలావరకు పోయాయి. ఇది బతకడానికి 1840 అమెరికా ఎన్నికలు తోడ్పడ్డాయి. అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ సొంతూరు కిండర్‌హుక్, ఆయన్ను ‘ఓల్డ్ కిండర్‌హుక్’ అనేవారు, అనుచరులకు అవే రెండక్షరాలు నినాదంగా కలిసొచ్చాయి. ఈ చరిత్రను 1960లలో అలెన్ వాకర్ రీడ్ అనే పండితుడు పాత పత్రికలు తవ్వి నిరూపించాడు. అప్పటిదాకా చలామణిలో ఉన్న కథలు డజన్ల కొద్దీ.

శాలరీ కథ ఇంకో రకం. ఇందులో సగం నిజం. లాటిన్ ‘సలారియుం’ అంటే జీతం, అది ఉప్పుకు మాటైన ‘సాల్’ నుంచే వచ్చింది. అంతవరకు గట్టిదే. రోమన్ సైనికులకు జీతం ఉప్పు రూపంలో ఇచ్చేవారన్నది మాత్రం ఆధారం లేని మాట. ప్రాచీన రచనలేవీ ఆ సంగతి చెప్పవు. ఉప్పుకూ జీతానికీ ఉన్న సంబంధం ఏమిటన్నది తేలకముందే ఖాళీని కథ నింపేసింది. ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అనుకునే మనకు ఆ కథ చప్పున నచ్చడంలో వింత లేదు.

అర్థం జారిపోయే తీరు

నైస్ అంటే మొదట తెలివితక్కువ అని అర్థం. లాటిన్ ‘నెస్కియుస్’ అంటే ఏమీ తెలియనివాడు. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు కూడా అది తిట్టే. తెలివితక్కువ నుంచి సుకుమారం, దాని నుంచి ప్రతిదానికీ వంక పెట్టే తత్వం, అందులోంచి నిశితమైన, సూక్ష్మమైన అనే అర్థం. చివరికి 18వ శతాబ్దంలో హాయిగా ఉన్న, బాగున్న. మెట్టు నుంచి మెట్టుకు దూరం కొంచెమే, మొదటికీ చివరికీ మాత్రం పొంతన లేదు. సిల్లీ సరిగ్గా ఎదురు దారి పట్టింది. పాత ఇంగ్లీషులో అది ధన్యుడు, దైవానుగ్రహం ఉన్నవాడు. తర్వాత అమాయకుడు, ఆపైన పాపం అనిపించేవాడు, చివరికి బుద్ధిలేనివాడు. గర్ల్ అంటే 14వ శతాబ్దంలో ఆడైనా మగైనా పిల్ల అనే అర్థం.

ఇదంతా ఇంగ్లీషు చిత్రమేమీ కాదు. పాత తెలుగులో కంపు అంటే వాసన, సువాసన కూడా. కన్నడంలో ఇప్పటికీ కంపు అంటే పరిమళమే. ఒక బెంగళూరు మనిషి పూల కంపు బాగుందంటే విజయవాడ మనిషి ముక్కు మూసుకుంటాడు.

పలకని అక్షరాల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే వాటిలో కొన్ని పండితులు చేతులారా చేసినవి. అప్పు అనే అర్థమున్న డెట్ ఫ్రెంచి నుంచి ‘బి’ లేకుండానే వచ్చింది, ఇంగ్లీషువాళ్లు దాన్ని ‘బి’ లేకుండానే రాశారు. తర్వాత లాటిన్ మీద మోజు పెరిగిన పండితులు దాని తాత ‘డెబితుం’ అని గుర్తుచేయడానికి రాతలో ‘బి’ ఇరికించారు. నోరు మాత్రం మారలేదు. డౌట్‌లో ‘బి’ కూడా అంతే. వీటిలో కనీసం చుట్టరికం నిజం. ఐలండ్‌లో అదీ లేదు. అది అచ్చ ఇంగ్లీషు మాట, పాత రూపంలో ‘ఎస్’ ఎన్నడూ లేదు. లాటిన్ మూలమున్న ‘ఐల్’ అనే వేరే మాటలోని ‘ఎస్’ను చూసి ఇదీ దాని సంతానమే అనుకుని అతికించారు. దాదాపు ఐదు వందల ఏళ్లుగా ప్రపంచంలోని పిల్లలంతా ఆ పొరబాటును బట్టీ పడుతున్నారు.

వంటింటి డబ్బాలు

పెప్పర్ ప్రయాణం విడిగా చూడదగ్గది. మూలం సంస్కృత పిప్పలి. గ్రీకులో పెపెరి, లాటిన్‌లో పిపెర్, పాత ఇంగ్లీషులో పిపోర్. పిప్పలి అంటే మన పిప్పళ్లు, ఆయుర్వేద కొట్లో దొరికే సన్నటి పొడుగు కంకులు. ఐరోపాకు మొదట వెళ్లిన పేరు వాటిది. తర్వాత అదే ఓడల్లో వచ్చిన గుండ్రటి నల్ల మిరియాలకూ ఆ పేరే చెల్లింది. కొలంబస్ తర్వాత అమెరికా నుంచి ఎర్రగా, కారంగా ఉండే మరో కాయ వచ్చింది. ఆ మొక్కకు పిప్పళ్లతోగానీ మిరియాలతోగానీ ఏ సంబంధం లేదు. అయినా ఘాటుంది కాబట్టి దాన్నీ పెప్పరే అన్నారు.

తెలుగువాళ్లు ఏం చేశారు? సరిగ్గా అదే. కొత్త కాయ మన తీరానికి వచ్చినప్పుడు అప్పటికే కారానికి గుర్తైన మిరియం పేరునే దానికి పెట్టారు, మిరపకాయ అయింది. తమిళంలోనూ మిళగు నుంచే మిళగాయ్. సముద్రానికి ఇటూ అటూ ఒకరితో ఒకరికి మాటల్లేకుండానే జనం ఒకే ఉపాయం పట్టారు.

జింజర్‌లో దాగింది మన వేరు. తమిళ మలయాళాల్లో అల్లం ఇంజి, దానికి వేరు చేరింది. పాళీలో అది సింగివేర, గ్రీకులో జింగిబెరిస్, లాటిన్ మీదుగా పాత ఇంగ్లీషులో జింజిఫెర్. మధ్యలో సంస్కృతం ఒక పని చేసింది. పరాయి మాట అర్థం కాక దాన్ని శృంగబేరం అని దిద్దుకుంది, కొమ్ము ఆకారం ఉన్నది అని వ్యాఖ్యానం చెప్పుకుంది. అల్లం కొమ్ము చూస్తే ఆ వ్యాఖ్యానం ఎంత బాగా కుదురుతుందో! అయినా అది తర్వాత అతికిన అర్థమే. తెలియని మాటకు తెలిసిన అర్థం తొడగడం న్యూస్ కథలు చెప్పేవాళ్లతో మొదలు కాలేదు.

మార్కెట్ యార్డులో

తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లినవాటిలో తిరుగులేనిది బాండికూట్. పంది, కొక్కు కలిసి పందికొక్కు. మామూలు ఎలుక కంటే బాగా పెద్దది, కోపం వస్తే పందిలా గురగురమంటుంది. ఇండియాలో ఉన్న ఇంగ్లీషువాళ్లు ఈ పేరును అలాగే తీసుకున్నారు. శాస్త్రీయ నామంలోనూ ఆ జాతి ‘బాండికోటా’యే. ఆస్ట్రేలియా చేరాక పొడుగు మూతితో నేల తవ్వే ఒక జంతువు కనిపిస్తే దాన్నీ ఆ పేరుతోనే పిలిచారు. అది ఎలుక జాతే కాదు, కంగారూలా సంచిలో పిల్లను మోసేది. పిల్లలాడే ఒక వీడియో గేమ్ హీరో పేరులో ఉన్నది ఆ ఆస్ట్రేలియా జంతువే, మాట మాత్రం మన పొలం గట్టుది.

ఉక్కు మాటకు పట్టిన గతి వేరు. దక్షిణాదిలో మూసల్లో కాచే ఉక్కుకు పేరుపడ్డ ఊళ్లలో తెలంగాణలోని కోనసముద్రం ఒకటి. ఆ ఉక్కు బొంబాయి మీదుగా లండన్ చేరింది. 1795లో జార్జ్ పియర్సన్ రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘానికి సమర్పించిన పత్రంలో దాని పేరు ‘వూట్జ్’. తెలుగు, కన్నడల ‘ఉక్కు’ను ‘వూక్’ అని రాయబోతే చివరి అక్షరం తారుమారై ఉంటుందని నిఘంటువులు భావిస్తాయి. లోహశాస్త్ర పుస్తకాల్లో ఇప్పటికీ ఆ రూపమే.

గోడౌన్ చూద్దాం. వినగానే ‘కిందికి వెళ్లు’ అనే రెండు ఇంగ్లీషు మాటలు కనిపిస్తాయి, నేలమాళిగ కాబట్టి ఆ పేరు అని చెప్పేవాళ్లూ ఉన్నారు. అదంతా స్పెల్లింగు పుట్టించిన భ్రమ. మలయ్ భాషలో సరుకు దాచే ఇల్లు ‘గుదాంగ్’. పోర్చుగీసులు దాన్ని తమ నోటికి అనువుగా మార్చుకున్నారు, వాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్లు. మలయ్ మాటకు మూలం ద్రావిడ భాషల్లో ఉందని, తెలుగు గిడ్డంగి, తమిళ కిడంగులతో దాన్ని కలిపి నిఘంటువులు చూపిస్తాయి. కోరమండల్ తీరం నుంచి బట్టలు తూర్పు దీవులకు, అక్కడి సుగంధద్రవ్యాలు ఇటు వచ్చే రోజుల్లో ఆ మాట ఓడెక్కడం సహజం. ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో దిగింది 1611లో. హాంకాంగ్, సింగపూర్ రేవుల్లోనూ గోడౌన్ అనే అంటారు, లండన్‌లో మాత్రం వేర్‌హౌస్.

ఇప్పుడు మన పల్నాడు రైతు మిర్చిని గోడౌన్‌లో పెట్టానంటాడు, రెవెన్యూ కాగితంలో అదే గిడ్డంగి అని ఉంటుంది. లోపల వరసగా పేర్చినవి గన్నీ బ్యాగులు. ఆ గన్నీ సంస్కృత గోణి నుంచి హిందీ, మరాఠీల మీదుగా ఇంగ్లీషుకు వెళ్లిన మాట, మన గోనె సంచికి తోబుట్టువు. తలుపు టేకుదైతే, టీక్ అనే ఇంగ్లీషు మాట మలయాళ ‘తేక్కు’ నుంచి పోర్చుగీసుల చేతుల మీదుగా వెళ్లింది. ఆ తలుపు కింద సందు చేసుకుని లోపలికి దూరి రాత్రంతా గోనెలు కొరికేది పందికొక్కు.